గుండె కొన

"ఆ రక్తం ఇచ్చిన చేత్తోనే వాడి ముందు అన్నం పెడతావా? వద్దులే, నువ్వు రాకు. వంటలు మాత్రం కట్టివ్వు, మేం తీసుకెళ్తాం."

పిల్సున్ ఆడపడుచు ఈ మాట గట్టిగా అనలేదు. ముల్లంగి బేరమాడినంత మామూలుగా అంది. కొట్టు లోపలి బల్ల దగ్గర మధ్యాహ్నం భోజనం చేస్తున్న హేరిమ్‌కి వినబడకూడదన్న ఉద్దేశం కూడా ఆవిడకి ఉన్నట్టు లేదు. బజారులో నలుగురూ వింటే ఇంకా మంచిదే అనుకునే రకం.

పిల్సున్ తల వంచుకుని తామరదుంప వేపుడు, చేప ముక్కలు, ఉడికించిన ఆకుకూర వేరువేరు డబ్బాల్లో సర్దింది. మూతలు ఒక్కొక్కటీ బొటనవేళ్ళతో చుట్టూ నొక్కింది. పులుసు గిన్నెకి రెండు గుడ్డలు చుట్టింది.

"వదినా, పులుసు వేడి చేసి పెట్టండి. వాడు చల్లారింది తినడు" అంది.

ఆడపడుచు సంచీలు పుచ్చుకుని వెళ్ళిపోయింది. వీధిలో కారులో పిల్సున్ మొగుడు కూర్చుని ఉన్నాడు. దిగలేదు. రెండేళ్ళ నుంచీ ఆయన అక్కగారింట్లోనే ఉంటున్నాడు. కొడుకు ఇన్హో అస్థికలు ఉంచిన కొండ మీదికి ఏటా, వాడు పోయిన ఈ రోజున అక్కా తమ్ముళ్ళిద్దరే వెళ్తారు. వండేది మాత్రం పిల్సున్.

హేరిమ్ తినడం ఆపేసింది. ఎలా తింటుంది? ఆ రక్తం మాట డేగు ఊరి బజారులో పుట్టింది కాదు. ఈ కొట్టుకెదురుగా ఉన్న మెడికల్ కాలేజీ మూడో అంతస్తులో, తన చేతుల కింద పుట్టింది. స్కూలు మైదానంలో పరుగెడుతూ పడిపోయి లేవని కుర్రాడు ఇన్హో. వాడి జన్యువుల్లో ఒకచోట చిన్న మార్పు దొరికింది. అదే మార్పు తల్లిలోనూ ఉంది. ఆ మార్పునే ఎలకల్లో పెట్టి, వాటి గుండె కణాల్లోంచి బయటికి పోయే పొటాషియం కరెంటు ఎంతో కొలిచింది హేరిమ్. మామూలు ఎలకలో ఉండేదాంట్లో సగమే వచ్చింది. ఒకసారి కొట్టుకున్న గుండె మళ్ళీ కొట్టుకోవడానికి తయారవ్వాలంటే ఆ పొటాషియం బయటికి పోవాలి. పోకపోతే లయ తప్పుతుంది. ఇంతే రాశారు వాళ్ళు. అది ఆస్పత్రికెళ్ళి, అక్కణ్ణించి అత్తవారింటికి చేరేసరికి 'తల్లి ఇచ్చిన చెడ్డ రక్తం' అయింది.

"తినవే, ఏం చూస్తావ్" అంది పిల్సున్ చేతులు తుడుచుకుంటూ. "శుక్రవారమేగా మీ ఎలకలకి దణ్ణాలు? బియ్యప్పిండి ఉండలు రెండు పళ్ళేలు సరిపోతాయా?"

"పిన్నీ, ఈ ఏడు మీరు రాకపోతేనేం? చలిగా ఉంటోంది."

"బాగుంది. నా కొడుకు పేరు చెప్పి అన్ని ప్రాణాలు తీస్తుంటే, ఒక్క దణ్ణం పెట్టడానికి నాకు చలి అడ్డమా? తల్లినని ఒకచోటైనా నిలబడనివ్వు."

ఆ బజారులో అమ్మే ప్రతి ఆడమనిషినీ అందరూ పిన్నీ అనే పిలుస్తారు. ఈవిణ్ణి పిలిచేటప్పుడు మాత్రం హేరిమ్ కళ్ళు పళ్ళెంలోకి వాలతాయి.

*

మర్నాడు పొద్దున హేరిమ్ మామూలు ఎలకల గూడు తలుపు తీసింది.

అవి ఆమె ఎలకలు కావు. ప్రొఫెసర్ మేంగ్ ల్యాబులో ఒక పద్ధతి ఉంది. ఎక్కడా రాసిపెట్టింది కాదు, ఎవరు మొదలుపెట్టారో కూడా తెలియదు. ఎవరి వంశం ఎలకల్ని వాళ్ళే పెంచాలి, వాళ్ళే చంపాలి, కాలేజీ వెనక ఉన్న స్మారక రాతి ముందు ఏటా వాటి పేరున వాళ్ళే వంగి దణ్ణం పెట్టాలి. నా బదులు చంపవా అని ఎవరూ ఎవర్నీ అడగరు. తన పాపం ఇంకొకరి నెత్తిన రుద్దడం మర్యాద కాదు. అంతేకాదు, ఒకరు ఎలకను బల్ల మీదికి తెచ్చుకుంటే రెండోవాళ్ళు లేచి బయటికి వెళ్ళిపోతారు. అదీ మర్యాదే.

జన్యువులో మార్పు ఉన్న ఎలకలు హేరిమ్‌వి. పోల్చి చూసుకోవడానికి ఉంచిన మామూలు ఎలకలు దోగ్యొంగ్‌వి. దోగ్యొంగ్ పురిటి సెలవులో ఉంది. ఈలోగా ల్యాబు నుంచి పత్రికకి పంపిన కొత్త వ్యాసాన్ని పరిశీలించిన పెద్దలు, మామూలు ఎలకల కొలతలు మరికొన్ని కావాలన్నారు. చేసేదిలేక హేరిమే చెయ్యి పెట్టాల్సి వచ్చింది.

మత్తిచ్చి, గుండెను తీసి, చల్లటి నీళ్ళలాంటి ద్రావణంలో వేసింది. వేరుశనగ గింజంత గుండె. అందులో పడ్డాక కూడా కాసేపు కొట్టుకుంటూనే ఉంటుంది. దాని పెద్ద రక్తనాళాన్ని సన్నటి స్టీలు గొట్టానికి తొడిగి పట్టుదారంతో బిగించింది. రక్తం కడుక్కుపోయి గుండె తెల్లగా పాలిపోయింది. తర్వాత కండరాన్ని విడగొట్టే ఎంజైము వదిలింది. అది ఎంతసేపు పారాలి అన్నదానికి పుస్తకం ఒకటి చెబుతుంది, చెయ్యి ఒకటి చెబుతుంది. పప్పు ఉడికిందో లేదో వేళ్ళ మధ్య నలిపి చూసినట్టు, పట్టకారుతో తాకి తెలుసుకోవాల్సిందే. తక్కువైతే కణాలు విడిపోవు. ఎక్కువైతే చచ్చి ఉండలు చుట్టుకుంటాయి. దీనికి హస్తవాసి కావాలంటారు. హేరిమ్‌ది మంచి హస్తవాసి అని ఆ అంతస్తులో అందరూ ఒప్పుకున్న మాట.

గుండె పై గదుల్ని కత్తిరించి పక్కన పడేసింది. పట్టకారుతో పట్టుకున్న కింది కొన నలిగిపోతుంది కనక దాన్నీ ఎప్పటిలాగే తీసేసింది. రెండు కింది గదుల మధ్య ఉండే గోడను కోసి, ముక్కలు చేసి, గాజుగొట్టంతో లోపలికీ బయటికీ నెమ్మదిగా ఆడించింది. ద్రావణం మబ్బు పట్టినట్టయింది. విడిపోయిన కణాలు.

మైక్రోస్కోపు కింద మంచి కణం ఇటుకలా పొడుగ్గా, పదునైన అంచులతో, అడ్డచారలతో కనిపిస్తుంది. కంటికి ఆనని గాజు సూదిని దాని మీదికి దించి, నోట్లో పెట్టుకున్న రబ్బరు గొట్టంతో మెల్లిగా గాలి పీల్చింది. సూది కణానికి అతుక్కుంది. ఇంకాస్త పీల్చింది. పొర చిరిగి లోపలికి దారి ఏర్పడింది. వోల్టేజి మెట్టు మెట్టుగా పెంచుతుంటే తెరమీద పొటాషియం కరెంటు గబుక్కున లేచి, నిదానంగా వాలింది.

సగమే లేచింది.

కణం మంచిది కాదేమోనని ఇంకోటి పట్టింది. అదీ సగమే. ద్రావణం మార్చింది, సూది మార్చింది. కుర్చీ లోంచి లేవకుండా సాయంత్రం దాకా పట్టింది. ఏ లోపమూ లేని ఎలక గుండె, తను ఇన్నేళ్ళూ కొలిచిన రోగిష్టి ఎలక గుండెలాగే ప్రవర్తించింది.

ప్రొఫెసర్ మేంగ్ వచ్చి వెనక నిలబడ్డాడు. తెర వైపు చూసి, "మార్పు ఉన్నదేగా ఇది?" అన్నాడు.

"కాదండీ ప్రొఫెసర్ గారూ. మామూలుదే."

"గూళ్ళు తారుమారయ్యాయేమో చూడు."

"చూశానండీ. జన్యుపరీక్ష కూడా మళ్ళీ చేశాను. మామూలుదే."

"అయితే ఎలక మారలేదు, నీ చెయ్యి మారింది" అన్నాడాయన. "సలక్షణంగా ఉన్నదాన్ని కూడా రోగిని చేసి కూర్చోబెట్టావు. ఏమ్మా, ఇంట్లో పెళ్ళిచూపులేమైనా పెట్టారా? మనసిక్కడ లేనట్టుంది."

పక్క బల్లల దగ్గర జూనియర్లు మాస్కుల వెనక నవ్వుకున్నారు. హేరిమ్ కూడా నవ్వింది. నవ్వకపోతే ఇంకో మాట పడాలి.

మర్నాడూ అదే. ఆ మధ్యాహ్నం అందరి ముందూ ఆయన ఇక నవ్వకుండానే చెప్పాడు. "దోగ్యొంగ్ తిరిగొచ్చేదాకా మామూలు ఎలకల జోలికి పోకు. ఇన్నేళ్ళ కొలతల్ని నీ రెండు రోజుల చెత్తతో కలపలేను." హేరిమ్ చేతులు బల్ల కింద పెట్టుకుని వింది. వంట బాగా చేస్తుందని పేరున్న కోడల్ని, ఒక్కరోజు ఉప్పెక్కువైందని పొయ్యి దగ్గర్నుంచి లేపేసినట్టయింది ఆమెకి. ఏడుపొచ్చింది. కొట్టు దగ్గర మాత్రం ఏడవలేదు. "మా ప్రొఫెసరు నా చెయ్యి పాడైందంటున్నాడు పిన్నీ" అని మాత్రం చెప్పి, అన్నం కెలికి లేచింది.

"చేతికి దిష్టి తగిలుంటుంది. బాగా నిద్రపో" అంది పిల్సున్. అనడమే కాక ఒక గుడ్డు ఎక్కువ పెట్టి పంపింది.

*

దోగ్యొంగ్ ఇంటికి హేరిమ్ ఎండు సముద్రపు నాచు కట్ట పట్టుకెళ్ళింది. బాలింతకి తీసుకెళ్ళాల్సింది అదే.

"దయచేసి దాన్ని కనబడకుండా ఎక్కడైనా పెట్టు" అంది దోగ్యొంగ్, బిడ్డను భుజానేసుకుని. "మా అత్తగారు మూడు పూటలా నాచు పులుసే పోస్తోంది. ఇంకో వారం తాగితే చేపలతో కలిసిపోతాను. నీ మొహమేంటి అలా ఉంది?"

హేరిమ్ చెప్పింది. దోగ్యొంగ్ మధ్యమధ్య బిడ్డ వీపు తడుతూ వింది. ఎంజైము పాతదా, నీళ్ళు మార్చారా, గొట్టాలు కడిగారా అని అడిగింది. అన్నీ చూశానంది హేరిమ్.

"కణాలు మాత్రం బాగానే ఉన్నాయక్కా. చారలు చక్కగా ఉన్నాయి. నువ్వు గుండెను గొట్టం నుంచి విప్పాక ముందు ఏం చేస్తావ్? మొదట్నుంచీ చెప్పు, నేనెక్కడ తప్పుతున్నానో చూసుకుంటాను."

"ఏముందే. పైన పట్టుకుంటాను, కొన కోస్తాను, ముక్కలు చేస్తాను."

"కొనా?"

"మరి? కొనలోనే కదా ఎక్కువ కణాలు బతికుంటాయి. నేను మొదట పనిచేసిన చోట అలాగే నేర్పారు." ఆమె చెయ్యి బిడ్డ వీపు మీద ఆగింది. "నువ్వేది కోస్తావ్?"

"నడిమి గోడ. కొన పారేస్తాను. పట్టకారుతో పట్టుకునేది అక్కడే కదా, నలిగిపోతుందని."

గుండె కండరం అంతటా ఒకటే కాదు. కొన దగ్గర ఆ కరెంటు ఎక్కువ, నడిమి గోడలో తక్కువ. ఈ సంగతి ఇద్దరూ చదువుకున్నదే. ఇద్దరూ జూనియర్లకి పాఠం చెప్పిందే. ఒకే గదిలో పనిచేశారు, ఒకే బల్ల మీద తిన్నారు, ఒకరి కుర్చీలో ఒకరు కునుకు తీశారు. కానీ ఒకరు కోసేటప్పుడు రెండోవాళ్ళు మర్యాదగా లేచి బయటికి వెళ్ళిపోయేవాళ్ళు. ఒకరి కత్తెర ఎక్కడ పడుతుందో రెండోవాళ్ళు ఒక్కసారీ చూడలేదు.

మామూలు ఎలకలన్నీ కొన. మార్పు ఉన్నవన్నీ గోడ.

"నీ చెయ్యి పాడవలేదే" అంది దోగ్యొంగ్. బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంది. "హేరిమ్, ఆ కూరల కొట్టావిడ..."

"తెలుసక్కా."

బిడ్డ నిద్రలో ఉలిక్కిపడి ఏడ్చాడు. దోగ్యొంగ్ వాణ్ణి ఊరుకోబెట్టలేకపోయింది. హేరిమే అందుకుని గది అంతా తిప్పింది.

*

గురువారం హేరిమ్ ఎవరి అనుమతీ అడగలేదు. మామూలు ఎలకలోంచి కొనా, గోడా రెండూ కోసింది. తన ఎలకలోంచీ రెండూ కోసింది. వేరువేరు గిన్నెల్లో పెట్టి, వరసగా కొలిచింది. ఏ ఎలకైనా కొన కణాల్లో కరెంటు ఎత్తుగా లేచింది. ఏ ఎలకైనా గోడ కణాల్లో పొట్టిగా లేచింది. మార్పు ఉన్నదానికీ లేనిదానికీ పిసరంత తేడా లేదు.

ఆమెకి ముందు సంతోషం కలిగింది. నా చెయ్యి మంచిదే అనుకుంది. ఆ వెంటనే సిగ్గేసింది. తన చేతి పరువు నిలబడ్డ చోటే, ఏ తప్పూ లేని ఒక తల్లి కొడుక్కి అన్నం పెట్టుకునే హక్కు పోగొట్టుకుంది కదా.

ప్రొఫెసర్ మేంగ్ గీతల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. అరుస్తాడనుకుంది హేరిమ్. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఒక్కసారిగా ముసలివాడైపోయినట్టు కనిపించాడు.

"నేనూ ఎప్పుడూ అడగలేదు, ఏ ముక్క కోస్తున్నారని" అన్నాడు. "అడగాల్సింది నేను. మొన్న నిన్నన్న మాటలు... సరేలే. పత్రికకి నేనే రాస్తాను, అచ్చయింది తప్పని. కొత్తది వెనక్కి తీసుకుందాం. నీ డిగ్రీ ఇంకో రెండేళ్ళు వెనక్కి పోతుంది, నేను చెయ్యగలిగింది లేదు."

"పోనివ్వండి. పిల్సున్ పిన్నికి రేపే చెప్తాను. దణ్ణాలకి వచ్చేలోపే."

ఆయన తల అడ్డంగా ఊపాడు. "తొందరపడకు. మన కొలత తప్పని తేలిందంతే. కుర్రాడెందుకు పోయాడో తేలలేదు. ఆవిడ చేతిలో ఒక జవాబుంది. దాన్ని లాక్కుని, ఆ చేతిలో ఏం పెడతావ్?"

"ఆ జవాబు అబద్ధం కదండీ."

"అబద్ధమే."

"దానివల్ల ఆవిణ్ణి కొడుకు దగ్గరికి కూడా రానివ్వట్లేదండీ. నా కళ్ళతో చూశాను. ఇంకొక్కరోజు కూడా మొయ్యనివ్వను."

పెద్దమనిషి పరువు కోసం నాన్చుతున్నాడని అనుకుంది ఆమె. వయసు అలాంటిది. తనకంటే నెమ్మదిగా మాట్లాడేవాళ్ళంతా పిరికివాళ్ళే అనిపించే వయసు. ఆయన వాదించలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, వీపు ఇటే పెట్టి చెప్పాడు. "నీ వంశం ఎలకలు ఇంక దేనికీ పనికిరావు. గూళ్ళు ఖాళీ చేసెయ్. మేత దండగ."

శుక్రవారం పొద్దున్నే హేరిమ్ ఆ పని చేసింది. మర్యాద ప్రకారం ఎవరూ సాయం రాలేదు. గదిలో ఎవరూ లేరు. పెద్దవీ, చిన్నవీ, కళ్ళు తెరవనివీ అన్నీ అయ్యాక గూళ్ళు కడిగి బోర్లించింది. ఏ తప్పూ లేని గుండెలని ఇప్పుడు ఆమెకి తెలుసు. తెలిశాక చంపడం కష్టంగా ఉంది.

*

కొట్టులో ఆవిరి నిండిపోయి ఉంది. పిల్సున్ దేవదారు ఆకులు పరిచిన పెద్ద పళ్ళెంలో బియ్యప్పిండి ఉండలు పేర్చి, మూతకి గుడ్డ చుట్టి పొయ్యి మీద పెడుతోంది. మంచి చొక్కా వేసుకుంది. తల నున్నగా దువ్వుకుంది.

"అప్పుడే వచ్చావే? ఇంకో వాయి ఉంది. అన్నం తిన్నావా?"

"పిన్నీ, కూర్చోండి. ఒక మాట చెప్పాలి."

"చెప్పు, చేతులు ఖాళీ లేవు."

దారిలో కట్టుకున్న వాక్యాలన్నీ హేరిమ్‌కి చెదిరిపోయాయి. "ఇన్హో పోయింది మీ రక్తం వల్ల కాదు పిన్నీ" అనేసింది. "మేమే తప్పు చేశాం. నేను గుండెలో ఒకచోట ముక్క కోశాను, దోగ్యొంగ్ అక్క ఇంకోచోట కోసింది. తేడా ఎలకల్లో లేదు, మేం కోసిన చోట్లలో ఉంది. మీలో ఉన్న ఆ మార్పు పుట్టుమచ్చలాంటిది. మా ఎలకలకి ఏ హానీ చెయ్యలేదు. ప్రొఫెసర్ గారు ఆస్పత్రికీ రాస్తారు, మీ ఇంటికీ రాస్తారు. మీ వదిన ఇంక ఆ మాట అనడానికి లేదు. మీ తప్పేం లేదు పిన్నీ. ఎప్పుడూ లేదు."

చెప్పి, తల వంచి, రెండు చేతులూ ముందు కట్టుకుని నిలబడింది. తిడుతుందనుకుంది. చెంప మీద కొట్టినా పడదామనుకుంది. ఏడ్చి మీద వాలిపోతే పట్టుకోవడానికి కూడా సిద్ధంగా ఉంది.

పిల్సున్ పొయ్యి మంట తగ్గించింది. మూత గుడ్డ సర్దింది. మళ్ళీ సర్దింది.

"అయితే వాడెందుకు పోయాడు?" అంది.

"తెలీదు పిన్నీ. ఇంకేదో కారణం ఉండాలి. కొన్నిసార్లు ఎప్పటికీ తెలీదు."

"ఆ రోజు ఇంట్లో ఉంటే బతికేవాడా?"

"అంటే..."

"పరుగెత్తకుండా, ఇంట్లో పడుకునుంటే. బతికేవాడా?"

ఆవిరికి కిటికీ అద్దం మసకబారింది. బయట ఎవరో కిమ్చీ పచ్చడి ఉందా అని అడిగి, జవాబు రాకపోతే వెళ్ళిపోయారు.

పిల్సున్ స్టూలు లాక్కుని కూర్చుంది. "ఆ పొద్దున గుమ్మంలో కూర్చున్నాడు. ఒక బూటు వేసుకుని, రెండోది చేత్తో పట్టుకుని. 'అమ్మా, గుండెల్లో బరువుగా ఉంది, ఇవాళ బడికి వెళ్ళను' అన్నాడు. ఆ రోజు పరుగు పరీక్ష. వాడికి పరుగంటే గిట్టదు. నేనేమన్నానో తెలుసా? 'పరీక్ష ఉన్న రోజే నీకు గుండె గుర్తొస్తుందిరా' అన్నాను. రెండో బూటు లాక్కుని నేనే తొడిగాను. పదిహేడేళ్ళ వాడికి. వీపు మీద ఒక్కటేసి పంపాను."

ఆమె తన అరచెయ్యి చూసుకుంది.

"ఎవరికీ చెప్పలేదు. వాళ్ళ నాన్నక్కూడా. అన్నం తినలేకపోయాను, పడుకోలేకపోయాను, చచ్చిపోదామని ఏటి వంతెన దాకా వెళ్ళొచ్చాను. తర్వాత మీ కాలేజీ డాక్టరు పిలిచి చెప్పాడు. మీ రక్తంలోంచి వచ్చిందమ్మా, ఆ రోజు కాకపోతే ఇంకోరోజు నిద్రలోనైనా జరిగేదే అన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను హేరిమ్. వాడు పోయాక మొదటిసారి. వదిన ఎన్ని అన్నా పడ్డాను. అననీ. రక్తం నేను ఎంచి ఇచ్చింది కాదుగా. దేవుడిచ్చింది, నా ద్వారా వెళ్ళింది. బూటు మాత్రం... బూటు నేను తొడిగాను."

హేరిమ్ మొయ్యలేని బరువు దించుదామని వచ్చి, దానికింద ఇన్నాళ్ళూ అణిగి ఉన్న అసలు బరువుని తీసి ఆవిడ గుండెల మీద పెట్టింది. ప్రొఫెసర్ మేంగ్ అన్న మాట ఇప్పుడు బోధపడింది. బోధపడి ప్రయోజనం లేదు. అన్న మాట వెనక్కి రాదు.

పిల్సున్ లేచి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. పిండి అంటిన వేడి చేతులు.

"మొన్న నువ్వే అన్నావుగా, నీ చెయ్యి బాలేదని. మీ ప్రొఫెసరు కూడా అన్నాడన్నావు. ఒకవేళ ఇప్పుడు కొలిచిందే తప్పేమో. చూడవే. బాగా నిద్రలేదు నీకు, మొహం చూస్తే తెలుస్తోంది. తప్పయ్యుండొచ్చుగా? అయ్యుండొచ్చని అను."

వారమంతా ఒక్క మాట కోసం కొట్లాడింది హేరిమ్, తన చెయ్యి మంచిదని. డిగ్రీ వెనక్కి పోయినా ఆ మాట వదల్లేదు. ఆవిడ కళ్ళలోకి చూసింది. చూడకుండా ఉండాల్సింది.

"అయ్యుండొచ్చు పిన్నీ" అంది. "నా చెయ్యే బాలేదు ఈ మధ్య."

"కదా. మళ్ళీ కొలుస్తావా?"

"కొలుస్తాను."

"నిదానంగా కొలువు. ఎన్నాళ్ళైనా పట్టనీ, నేను తొందరపెట్టను. వదినకి ఏ ఉత్తరమూ రాయొద్దని మీ సారుతో చెప్పు. తేలేదాకా ఆగమను." చేతులు వదిలి, మూత తీసి చూసింది. "ఉడికాయి. ఆ గుడ్డ ఇలా అందుకో."

రెండు పళ్ళేలూ గుడ్డల్లో మూట కట్టారు. ఒకటి హేరిమ్ పట్టుకుంది, ఒకటి పిల్సున్. కాలేజీ వెనక గేటు నుంచి ఎత్తు మీదికి నడిచారు. దారి పొడుగునా జింకో చెట్ల పండిన కాయలు రాలి కంపు కొడుతున్నాయి. పిల్సున్ వాటి మీద కాలు పడకుండా హేరిమ్‌ని మోచేత్తో పక్కకి జరుపుతూ నడిచింది.

"ఉన్నాయిగా నీ ఎలకలు?" అని అడిగింది ఎత్తు మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుంటూ. "మళ్ళీ కొలవడానికి సరిపోతాయిగా?"

"సరిపోతాయి పిన్నీ" అంది హేరిమ్.

రాతి ముందు తెల్ల చామంతులు పెట్టి ఉన్నాయి. ప్రొఫెసర్లూ, విద్యార్థులూ, గూళ్ళు కడిగేవాళ్ళూ వరస కట్టి నిలబడ్డారు. ప్రొఫెసర్ మేంగ్ వాళ్ళిద్దరినీ చూసి, హేరిమ్ మొహం చూసి, తల దించుకున్నాడు. పిల్సున్ మూట విప్పి ఉండలు చక్కగా పేర్చింది. ఒకటి పగిలి ఉంటే దాన్ని తీసి జేబులో వేసుకుంది. ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకి ఆనించింది.

హేరిమ్ పక్కనే నిలబడి తన ఎలకల పేరున వంగి, లేచింది. పిల్సున్ లేవలేదు. వెనకున్న వరస కొంచెం కదిలి, మళ్ళీ సర్దుకుంది. ఆమె లేచేదాకా అందరూ అలాగే నిలబడ్డారు.